మంచం పట్టిన పెద్దలకు ఫిజియోథెరపీ - మన సంఘాలు చేయగలిగిన పని

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు అన్నీ విన్నాం. నాకు ఇచ్చింది ఆరోగ్యం. ఆరోగ్యం అనగానే ప్రతి ఏడూ గర్భిణులు, బాలింతలు, పిల్లల బరువు, రక్తహీనత గురించి మాట్లాడుకుంటాం. అవి ఎప్పుడూ మాట్లాడుకోవాల్సినవే. కానీ కొందరు మన మాటల్లోకి రాకుండా మిగిలిపోతున్నారు. వాళ్లు సమావేశానికి రాలేరు, సంతకం పెట్టలేరు, గట్టిగా పిలవను కూడా లేరు. వసారాలోనో వెనక గదిలోనో మంచం పట్టి ఉన్న మన పెద్దవాళ్లు. ఈసారి వాళ్ల గురించి మాట్లాడతాను.

నేను చెప్పేది ముందే చెప్తున్నా. జబ్బు నయం కాదని తేలిన పెద్దవాళ్లకు కూడా ఫిజియోథెరపీ కావాలి. అందులో చాలా భాగం మనం నేర్చుకొని చేయగలం. దాన్ని ఒక్క కోడలి మీద వదిలెయ్యకుండా సంఘం అంతా పంచుకోవాలి.

"ఇంటికి తీసుకుపోండి" అన్న తర్వాత

పెద్ద ఆసుపత్రిలో చూపించి, స్కానింగులు తీయించి, అప్పు చేసి, ఆఖరికి "ఇంక ఇంటికి తీసుకుపోండి" అన్న మాట విని తిరిగొచ్చిన ఇళ్లు మన ఊళ్లల్లో ఎన్ని లేవు? క్యాన్సర్ ముదిరినవాళ్లు, రెండోసారి పక్షవాతం వచ్చినవాళ్లు, గుండె నీరసించినవాళ్లు, ఊపిరితిత్తులు చెడినవాళ్లు. ఆ మాటకు మనం పెట్టుకున్న అర్థం "ఇంక చేసేదేం లేదు" అని. మంచం వేస్తం, చుట్టాలకు కబురు పెడతం, జావ పోస్తం, ఎదురు చూస్తం. ఆ ఎదురుచూపు కొందరికి పది రోజులు, కొందరికి రెండేళ్లు. అన్ని రోజులూ ఆ మనిషి బతికే ఉంటారు కదా. నొప్పి తెలుస్తది. తడి తెలుస్తది. ఒక్క పక్కనే పడుకుంటే వీపు మండుతది. మన విసుగు కూడా వాళ్లకు తెలుస్తది.

జబ్బుకు మందు అయిపోయి ఉండొచ్చు గానీ మనిషికి చేయాల్సిన సేవ అయిపోలేదు. ఈ సేవనే పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన సేవ. ఆఖరి నెలల్లో, ఆఖరి రోజుల్లో ఇచ్చేదాన్ని హాస్పిస్ సేవ అంటారు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆమె ఇందుకోసమే ఒక ఆసుపత్రి పెట్టారు. ఆమె మొదట నర్సుగా పనిచేసి, తర్వాత డాక్టరు చదివారు. మన హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ సేవ ఉంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్బు వాళ్లు 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలుపెట్టారు, అక్కడ రోగి దగ్గర డబ్బు తీసుకోరు. కేరళలో 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీ దగ్గర చిన్న క్లినిక్‌గా మొదలై, తర్వాత ఊరూరికీ పాకింది. 2008లో అక్కడి ప్రభుత్వం దీనికి ఒక విధానమే ప్రకటించింది. పంచాయతీ తరఫున నర్సు ఇంటికి వస్తుంది, వెంట ఊరి మనుషులు వస్తారు. ఆ ఊరి మనుషుల్లో మనలాంటి ఆడవాళ్లు చాలామంది.

మన రాష్ట్రంలో జిల్లా ఆసుపత్రుల్లో ఆలంబన పేరుతో ఈ కేంద్రాలు పెట్టారు. మొదట్లో పెట్టిన జిల్లాల్లో మన ఖమ్మం ఒకటి. అక్కడ డాక్టరు, నర్సులు, ఫిజియోథెరపిస్టు ఉంటారు, ఇంటికి వచ్చి చూసే బండి కూడా ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు. అయితే ఖమ్మం నుంచి భద్రాచలమే నూరు కిలోమీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల లోపలి గూడేల దాకా ఇంకెంత దూరమో మీకు తెలుసు. వానాకాలం వాగు పొంగితే రేషన్ బియ్యమే రాదు. బండి నెలకోసారి వచ్చిందనే అనుకుందాం, మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఆ మనిషిని పట్టుకునే చేతులు మనవే.

పోయే మనిషికి కసరత్తు ఎందుకు?

మా గ్రామ సంఘంలో ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దామె సూటిగా అడిగింది. "పోయే ప్రాణానికి కసరత్తు ఎందుకమ్మా, ప్రశాంతంగా పడుకోనీ." అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం.

కదలకుండా పడుకోవడంలో ప్రశాంతత ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లనే పది రోజులు మంచం మీద ఉంచి చూస్తే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తగ్గిపోయిందని 2007లో అమెరికా డాక్టర్లు రాశారు. ఇంక జబ్బు మనిషి సంగతి చెప్పాలా? కండ కరిగితే లేవలేరు. లేవకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, మోకాలు ముడుచుకుంటే మళ్లీ చాపలేం. అప్పుడు బట్ట మార్చాలన్నా, కడగాలన్నా కేక పెడతారు. ఎముక ఒత్తుకున్న చోట తోలు చెడి పుండు పడుతుంది. ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది. విరేచనం కట్టుబడుతుంది. ఆఖరి రోజుల్లో మనిషిని ఏడిపించేవాటిలో కొన్ని జబ్బు వల్ల వచ్చినవి కావు, కదిలించకపోవడం వల్ల వచ్చినవి.

కాలు విరిగిన పాతికేళ్ల పిల్లోడికి ఫిజియోథెరపీ చేస్తే మళ్లీ పొలం దున్నాలని చేస్తారు. ఇక్కడ లెక్క వేరు. ఇక్కడ ముందుగా ఆ పెద్దమనిషినే అడగాలి, "నీకేం కావాలి తాతా?" అని. కోయ తాత అయితే కోయ మాటలోనే అడగాలి, అప్పుడే లోపలి మాట బయటికి వస్తది. ఒకరికి తన చేత్తో ముద్ద కలుపుకొని తినాలని ఉంటది. ఒకామెకు మంచం మీద పని కానివ్వడం సిగ్గు, కనీసం కుర్చీ మీదికి దిగాలని ఉంటది. ఆ కోరిక ఎంత చిన్నదైతే అంత, దానికోసమే కసరత్తు.

మా ఊరిలో ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న ఒక పెద్దాయన, ఇంటి ముందు ఇప్పచెట్టు కింద కూర్చోవాలని అడిగాడు. మంచం నుంచి చెట్టుకు ఇరవై అడుగులు ఉంటది. మొదటి వారం మంచం అంచున కాళ్లు కిందికేసి కూర్చోవడం. రెండో వారం ఇద్దరి ఊతతో లేచి నిలబడటం. మూడో వారం నాలుగడుగులకు ఒక కుర్చీ వేసుకుంటూ, ఆగి ఊపిరి తీసుకుంటూ చెట్టు దాకా పోయాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు పొద్దున్నే అక్కడ కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లను పేరు పెట్టి పలకరించాడు, ఒకాయనతో పాత పొలం గట్టు తగాదా కూడా మాట్లాడి తెంపుకున్నాడు. తర్వాత మళ్లీ లేవలేదు, ఆ నెలలోనే పోయాడు. ఆయన్ని మనం బతికించలేదు. ఆ తొమ్మిది రోజులు మాత్రం ఆయనవే.

రోజూ చేయదగ్గ పనులు

ఇవి నేర్చినవాళ్ల దగ్గర విని, చేతులతో చేసి చూసి చెప్తున్నవి. అయినా ఒక్కో మనిషి జబ్బు ఒక్కో తీరు కాబట్టి మొదలుపెట్టే ముందు డాక్టరుకో, ఫిజియోథెరపిస్టుకో, కనీసం ఏఎన్‌ఎం ద్వారా ఫోన్లోనైనా ఒకసారి చెప్పి అడగాలి.

పక్కకు తిప్పడం: సొంతంగా కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుడి పక్క, వెల్లకిలా, ఎడమ పక్క. తిప్పినప్పుడల్లా నడుము కింది ఎముక, తుంటి, మడమ, మోచేయి, భుజం, తల వెనక చూడాలి. ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టు. మన నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు, అందుకే చేత్తో తాకి చూడాలి. చుట్టూ ఉన్న చోటు కంటే వేడిగా గానీ గట్టిగా గానీ ఉంటే అదే గుర్తు. అక్కడ రుద్దొద్దు, నూనె పెట్టి మర్దన చేయొద్దు, ఆ చోటు మీద బరువు పడకుండా చూడాలి. కుండ కింద పెట్టే చుట్టకుదురు లాంటిది బట్టతో చేసి నడుము కింద పెడతారు కొందరు. దాంతో చుట్టూ ఒత్తుకొని నెత్తురు ఆడదు, మేలు కంటే కీడే ఎక్కువ. పిక్కల కింద మెత్త పెట్టి మడమలు గాలిలో ఉండేట్టు చూస్తే చాలు.

మంచం: మన నులక మంచాలు సాగి మధ్యలో గుంట పడతాయి. గుంటలో ఉన్న మనిషిని తిప్పడం ఎవరి వల్లా కాదు. నులక బిగించి, పైన మందపాటి బొంత పరవాలి. కాళ్ల వైపు మంచం పట్టెకు ఒక తాడు కట్టి, ముడులు వేసి, కొస చేతికిస్తే కొంచెం బలం ఉన్నవాళ్లు తామే పట్టుకొని లేచి కూర్చుంటారు. అది కూడా కసరత్తే.

జరపడం: చంకల్లో చేతులు పెట్టి గుంజొద్దు. పక్షవాతంతో పడిపోయిన చేయి పట్టుకొని అసలే లాగొద్దు, భుజం కీలు జారుతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి నడుము కింద పరిచి, ఇద్దరు రెండు పక్కలా పట్టుకొని ఒకేసారి జరపాలి. తోలు రాపిడికి చెడదు, మన నడుమూ పట్టదు.

కీళ్లు ఆడించడం: పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కీలుకు పైన ఒక చేయి, కింద ఒక చేయి ఆనించి మెల్లగా ముడవాలి, చాపాలి. ఒక్కో కీలు ఐదు నుంచి పది సార్లు చాలు. ముఖంలో నొప్పి కనపడగానే ఆగాలి. వాళ్లు చేయగలిగినంత వాళ్లనే చేయనివ్వాలి, చేయలేని చోట మన చేయి కలపాలి. పాదం కిందికి వాలిపోకుండా చూడాలి. మూసుకుపోయే వేళ్లను ఒక్కొక్కటిగా తెరిచి, అరచేయి తుడిచి ఆరబెట్టాలి. నొప్పి గోళీ వేసుకునేవాళ్లయితే అది వేసిన అర గంట, గంట తర్వాత చేయాలి. క్యాన్సర్ నొప్పికి డాక్టరు మార్ఫిన్ రాస్తే భయపడి ఆపొద్దు, చెప్పిన లెక్క ప్రకారమే ఇవ్వాలి.

ఆయాసం: ఆయాసపడే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. వీపు వెనక బస్తాలు, దిండ్లు ఎత్తుగా పెట్టాలి. లేదంటే కూర్చోబెట్టి ముందు స్టూలు మీద దిండు వేసి దాని మీదికి వాలనివ్వాలి. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి నిదానంగా వదలాలి. పొయ్యి ఊదినంత గట్టిగా వద్దు, వేడి టీ చల్లార్చుకునేటట్టు ఊదితే చాలు. విసనకర్రతో ముఖానికి గాలి తగిలిస్తే ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుంది. పొయ్యి పొగ తగలని చోట మంచం వేయాలి.

తిండి: జావ గానీ నీళ్లు గానీ పడుకోబెట్టి పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాయి. కూర్చోబెట్టి చిన్న చెంచాతో, మింగారో లేదో చూసుకుంటూ పెట్టాలి. తర్వాత అర గంటయినా అట్లనే కూర్చోనివ్వాలి.

లేవడం, నడవడం: ఊతకర్ర పొడవు, మనిషి నిలబడి చేయి వదిలేస్తే మణికట్టు దాకా రావాలి. కర్రను మంచిగా ఉన్న కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. వెదురు కర్ర అయితే కొసకు రబ్బరు తొడగాలి, బండల మీద జారదు. మరుగుదొడ్డి దాకా పోలేనివాళ్లకు గట్టి ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో రంధ్రం కోసి, అంచులు నున్నగా చేసి, కింద బకెట్ పెడితే సరిపోతుంది. దానితో ఆ మనిషికి ఎంత గౌరవం నిలబడుతుందో చేసి చూస్తే తెలుస్తుంది.

ఆపాల్సిన చోట ఆపాలి

ఒక్క కాలి పిక్కే ఉన్నట్టుండి వాచి, వేడిగా నొప్పిగా ఉంటే దాన్ని ఆడించొద్దు, మర్దన చేయొద్దు. లోపల నెత్తురు గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లకు కొంచెం ఒత్తిడికే ఎముక విరుగుతుంది, ఫిజియోథెరపిస్టు చూడకుండా వాళ్లకు ఏమీ చేయొద్దు. జ్వరం, ఛాతీ నొప్పి, ఎప్పుడూ లేనంత ఆయాసం ఉన్న రోజు కసరత్తు లేదు.

ఆఖరి రెండు మూడు రోజులు వచ్చాయని తెలిసిపోతుంది. తినరు, ఎక్కువ సేపు మగతగా ఉంటారు, కాళ్లు చేతులు చల్లబడతాయి. అప్పుడు కీళ్లు ఆడించే పని ఆపెయ్యాలి. నెమ్మదిగా పక్క మార్చడం, పెదవులు తడపడం, చేయి పట్టుకొని కూర్చోవడం, అంతే. ఏ రోజైనా ఆ మనిషి "ఇయ్యాల వద్దు" అంటే వద్దు. వాళ్ల ఒళ్లు వాళ్లది.

చేసే మనిషి నడుము సంగతి

ఇదంతా ఎవరు చేస్తున్నారు? కోడలు, లేకపోతే కూతురు, లేకపోతే తనే అరవై దాటిన భార్య. మగవాళ్లు చేసే ఇళ్లూ ఉన్నాయి, లేవని నేను అనను, కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వంగి వంగి నడుము పట్టేస్తుంది. మంచం కోళ్ల కింద ఇటుకలు గట్టిగా అమర్చి ఎత్తు పెంచితే చేసేవాళ్లు అంత వంగాల్సిన పని లేదు, లేవదీసేటప్పుడు మాత్రం కోళ్లు కదలకుండా ఒకరు పట్టుకోవాలి. ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచాలి, నడుము వంచొద్దు.

నడుము కంటే పెద్ద కష్టం కూలిది. జనవరి నుంచి మిర్చి ఏరుడు. ఊరంతా ట్రాక్టరు ఎక్కి చీకటితో పోతే మళ్లీ చీకటికే రాక. ఏప్రిల్, మే వస్తే తునికాకు. ఏడాది ఖర్చుకు నాలుగు రాళ్లు కనపడేది ఆ నెలల్లోనే. ఇంట్లో మంచం మీద మనిషి ఉన్న ఆడది ఆ కూలికి పోతే, పొద్దున ఒక పక్కకు పడుకోబెట్టిన మనిషి సాయంత్రం దాకా అదే పక్కన ఉంటారు. పోకపోతే కిస్తీ కట్టలేదు. పుండ్లు ఎక్కువగా మిర్చి నెలల్లోనే ఎందుకు పడతాయో ఇప్పుడు అర్థమైంది కదా. ఇందులో ఆమె తప్పేముంది?

ఇంకొక మాట, కోపం తెచ్చుకోకండి. వరసగా సమావేశాలకు రాని సభ్యురాలికి జరిమానా వేస్తున్నాం. ఎందుకు రాలేదని అడిగి రాసుకుంటున్నామా? రిజిస్టర్లు తీసి, జరిమానా పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి చూడండి. కొన్ని ఇళ్లలో మీకు మంచం కనపడుతుంది.

సభ ముందు పెడుతున్న తీర్మానాలు

ఒకటి. ప్రతి గ్రామ సంఘం, ఆశా కార్యకర్తతో కలిసి, మంచం పట్టిన పెద్దవాళ్ల జాబితా రాయాలి. మన సభ్యుల ఇళ్లే కాదు, ఊరి చివర గొత్తికోయ ఇళ్లు కూడా రాయాలి. ఆ జాబితా పల్లె దవాఖానకు, అక్కడి నుంచి ఖమ్మం ఆలంబన కేంద్రానికి చేరాలి. పేరు చేరకపోతే బండి ఎవరికోసం వస్తుంది?

రెండు. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు సభ్యులు ఈ పని నేర్చుకోవాలి. ఒకరు కోయ మాట్లాడేవాళ్లు ఉంటే మంచిది. ఫిజియోథెరపిస్టును పంపి మండల కేంద్రంలో రెండు రోజుల శిక్షణ ఇవ్వమని సమాఖ్య తరఫున ఉత్తరం రాయాలి.

మూడు. మిర్చి, తునికాకు నెలల్లో వంతు పెట్టుకోవాలి. రోజుకు ఒక సభ్యురాలు ఊళ్లో ఆగి, జాబితాలోని ఇళ్లన్నీ రెండు గంటలకోసారి తిరిగి పక్క మార్చి, నీళ్లు తాగించాలి. ఆగిన ఆమెకు ఆ రోజు కూలి మిగిలినవాళ్లు తలా కొంత వేసి ఇవ్వాలి. ఉచితంగా చేయమంటే రెండో వారానికే ఆగిపోతుంది.

నాలుగు. సమాఖ్య ఆరోగ్య నిధిలోంచి రెండు వాకర్లు, ఒక చక్రాల కుర్చీ, రెండు గాలి పరుపులు కొనాలి. అవసరమైన ఇంటికి ఇచ్చి, పని అయ్యాక కడిగి వెనక్కి తెచ్చుకోవాలి. పేద వృద్ధులకు ఊతకర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని ఒకటి ఉంది, 2017లో నెల్లూరులోనే మొదలైంది. మన దగ్గర శిబిరం పెట్టమని అడగాలి. వికలాంగుల సర్టిఫికెట్‌కు అర్హత ఉన్నవాళ్లను కూడా ఈ జాబితాలోంచే గుర్తించాలి. వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది, గ్రామ సంఘం గోడ మీద రాయించండి.

అయిదు. మంచం పట్టిన మనిషిని చూసుకుంటూ సమావేశానికి రాలేని సభ్యురాలికి జరిమానా రద్దు చేయాలి. ఆమె పొదుపు డబ్బు తీసుకోవడానికి పక్క సభ్యురాలు ఇంటికి పోవాలి. పోయినప్పుడు మంచం దగ్గర కూడా కాసేపు కూర్చొని రావాలి.

ఈ అయిదింటిలో పెద్ద డబ్బు ఖర్చయ్యేది నాలుగోది ఒక్కటే. మిగిలినవి మనం అనుకుంటే అయ్యేవి. ఇన్నేళ్లుగా పది పది రూపాయలు కూడబెట్టి బ్యాంకు మనల్ని కుర్చీ వేసి కూర్చోబెట్టే దాకా వచ్చాం. ఒక పెద్దమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పే పని అంతకంటే కష్టమేమీ కాదు.

అయిదు తీర్మానాలనూ కార్యదర్శి గారు చదువుతారు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి, ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి. వచ్చే నెల ఈసీ సమావేశానికి ప్రతి గ్రామ సంఘం జాబితాతో రావాలని కోరుతున్నాను.